వేగం నెత్తిన రెండు

ఎమిలీ దు షాత్లే గురించి వచ్చే వ్యాసాల్లో రెండు మాటలు తరచూ కనిపిస్తాయి. వోల్టేర్ ప్రియురాలు అని ఒకటి. ఐన్‌స్టీన్ సమీకరణంలో ఉన్న స్క్వేర్ ఈవిడ పుణ్యమే అని ఇంకోటి. మొదటిది నిజమే, కానీ ఆవిడ బతుకులో అదొక భాగం. రెండోది అతిశయోక్తి. ఇత్తడి గుండ్లని మెత్తటి మట్టిలోకి జారవిడిచిన ప్రయోగం కూడా ఆవిడదేనని రాసేస్తున్నారు. అది 1722లో హాలండ్‌లోని లైడెన్‌లో గ్రావెసాండ్ చేసిన పని. లేని ఘనత అంటగడితే ఉన్న ఘనత మరుగున పడుతుంది. నా బాధల్లా అదే.

అసలు గొడవేంటంటే, కదిలే వస్తువులో ఉన్న బలాన్ని దేనితో కొలవాలి? బరువుని వేగంతో గుణిస్తే చాలన్నారు దెకార్త్ అనుయాయులు. చాలదు, వేగంతో రెండుసార్లు గుణించాలన్నాడు లైబ్నిజ్, 1686లో. ఆ లెక్కకి తర్వాత ‘సజీవ బలం’ అని పేరు పెట్టాడు. బలం, శక్తి, సామర్థ్యం అని మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు విడదీసి చెప్పే విషయాలన్నీ అప్పట్లో ఒకే మాటలో ఇరుక్కుని ఉన్నాయి. ‘ఒంట్లో బలం లేదు’, ‘లేచే శక్తి లేదు’ అని మనం ఒకే అర్థంలో అంటామే, శాస్త్రవేత్తల పరిస్థితి కూడా దాదాపు అంతే.

గ్రావెసాండ్ న్యూటన్ పక్షం మనిషి. నాలుగు రెట్లు ఎత్తు నుంచి వదిలిన గుండు కిందికి చేరేసరికి దాని వేగం రెండింతలే అవుతుంది. మట్టిలో గుంట మాత్రం నాలుగింతలు పడింది. ఆ గుంటలు చూశాక ఆయన లైబ్నిజ్ వైపు వచ్చేశాడు. (హైవే మీద అరవైలో పోయే కారుకీ, నూట ఇరవైలో పోయే కారుకీ బ్రేకు తొక్కాక ఆగే దూరంలో నాలుగింతల తేడా ఉండేది కూడా ఇందుకే.)

ఎమిలీ మొదట అవతలి పక్షమే. అగ్ని స్వభావం మీద పారిస్ సైన్స్ అకాడమీ పెట్టిన పోటీకి, పక్క గదిలోని వోల్టేర్‌కి కూడా చెప్పకుండా, నిద్ర రాకుండా చేతులు చన్నీళ్ళలో ముంచుకుంటూ రాత్రిళ్ళు వ్యాసం రాసింది. బహుమతి ఇద్దరికీ రాలేదు గానీ ఇద్దరి వ్యాసాలూ అకాడమీ అచ్చేసింది. అందులో ఆవిడ మెరాన్ అనే పండితుడి వాదాన్ని మెచ్చుకుంది. లైబ్నిజ్ లెక్క తప్పన్న వాదం అది. తర్వాత చదివి, ఆలోచించి, మనసు మార్చుకుంది. 1740లో, తన కొడుకుని ఉద్దేశించి రాసిన భౌతికశాస్త్ర గ్రంథం చివరి అధ్యాయంలో అదే మెరాన్ వాదాన్ని చీల్చి చెండాడింది.

మెరాన్ వాదం విచిత్రమైనది. నెమ్మదిస్తున్న వస్తువు వెళ్ళిన దూరాన్ని వదిలేసి, నెమ్మదించకపోతే వెళ్ళగలిగి ఉండేది, వెళ్ళలేదు కదా, ఆ వెళ్ళని దూరాన్ని కొలవాలంటాడు! జరిగినదాన్ని పక్కన పెట్టి జరగనిదాన్ని లెక్కించడమేంటని ఎమిలీ అడిగింది. 1741లో ఆయన అకాడమీ కార్యదర్శి అయ్యాడు. ఆడవాళ్ళకి సభ్యత్వమే లేని అకాడమీ అది. ఆ పదవిలో ఉన్న మనిషి ఆవిడ మీద బహిరంగ లేఖ అచ్చేయించాడు. మా వ్యాసం మళ్ళీ శ్రద్ధగా చదువుకోండి అన్న ధోరణి. ఆ పుస్తకం అసలు తన పాఠాలేనని ఆవిడకి చదువు చెప్పిన కోనిగ్ అప్పటికే ప్రచారం మొదలుపెట్టాడు. ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోయేది. మార్చిలో బ్రస్సెల్స్ నుంచి జవాబు అచ్చులోనే వచ్చింది, పాయింటు పాయింటుకీ. వోల్టేర్ ఈ విషయంలో మెరాన్ పక్షం! ఒకే ఇంట్లో ఉంటూ అదే ఏడాది సజీవ బలానికి వ్యతిరేకంగా అకాడమీకి పత్రం పంపాడు.

ఇదంతా మాటల గొడవేనన్నాడు దాలంబేర్, 1743లో. సగం నిజమే. ఎంతసేపట్లో ఆగుతుందని అడిగితే మామూలు వేగం చాలు, ఎంత దూరంలో ఆగుతుందని అడిగితే వర్గం కావాలి. కానీ మెత్తటి మట్టిలో గుండు ఆగిపోయాక ఆ సజీవ బలం ఎటు పోయిందన్న ప్రశ్న మాటల గొడవ కాదు. వస్తువు లోపలి చిన్న చిన్న భాగాల్లోకి పోయిందని లైబ్నిజ్ ఊహించాడు. అది వేడి అని కొలిచి చూపించడానికి 1840ల్లో జూల్ రావాల్సి వచ్చింది. ఈలోగా 1807లో థామస్ యంగ్ దానికి ‘ఎనర్జీ’ అన్న మాట వాడాడు, 1829లో కొరియోలిస్ ముందు సగం చేర్చాడు. మనం బట్టీ పట్టిన ‘హాఫ్ ఎం వీ స్క్వేర్’ పూర్తయ్యింది.

అవేవీ ఎమిలీ చూడలేదు. నలభై రెండేళ్ళ వయసులో గర్భం వచ్చింది. కాన్పులో బతకనేమోనని భయపడుతూనే న్యూటన్ ‘ప్రిన్సిపియా’కి ఫ్రెంచి అనువాదం, వ్యాఖ్యానం ముగించింది. రాతప్రతిని రాజుగారి గ్రంథాలయానికి అప్పగించింది. 1749 సెప్టెంబర్ 4న ఆడపిల్ల పుట్టింది, 10న ఆవిడ పోయింది. పుస్తకం పూర్తిగా 1759లో, హేలీ తోకచుక్క తిరిగొచ్చిన ఏడాది, అచ్చయింది. ఫ్రెంచివాళ్ళు న్యూటన్‌ని చదవడానికి ఇప్పటికీ తెరిచేది దాన్నే.