మంజీరా తీరమున మొసళ్ల పెంపకము



గజేంద్రమోక్షకథ నెఱుఁగని తెలుఁగు పల్లె యుండదు. పోతనామాత్యుని భాగవతమున అష్టమస్కంధమందలి యా ఘట్టమును నేను ముప్పది యేండ్లకుఁ బైగా బాలురకుఁ బాఠము చెప్పినవాఁడను. ప్రతి యేఁటను ఎవఁడో యొక బాలుఁడు లేచి, “అయ్యా, మొసలి చెడ్డదేనా?” యని యడుగుచుండెడివాఁడు. దానికి సమాధానము ఆ కథయందే యున్నది. ఆ మకరి పూర్వమున హూహూ వను గంధర్వుఁడు. దేవలుని శాపముచే మొసలియై, శ్రీహరి చక్రముచే విముక్తుఁ డయ్యెను. నేఁడు నేను చెప్పఁబోవు కథలో ఆపదఁ బడినది మొసలియే. దానిని బట్టినవాఁడు మనుష్యుఁడు, విడిపింపఁ బూనినవాఁడును మనుష్యుఁడే.

అమరసింహుఁడు దీనికి నక్రము, కుంభీరము అను పేర్లు చెప్పెను. మకరశబ్దము ఉత్తరదేశ భాషలలో ‘మగర్’ అయినది. ఆంగ్లేయులు దానినే ‘మగ్గర్’ అనిరి. మన మంచినీటి మడుఁగులలో నుండు మొసలికి శాస్త్రజ్ఞులు నేఁటికిని ఆ పేరే వాడుచున్నారు.

మొసలిని మనుష్యుఁడు పెంచుట క్రొత్త కాదు. కోట చుట్టును త్రవ్విన అగడ్తలలోఁ దామరలును మొసళ్లును ఉండవలె నని కౌటిల్యుని అర్థశాస్త్రమున విధి కలదు. క్రీస్తునకుఁ బూర్వము అయిదవ శతాబ్దమున యవనుఁడగు హెరొడోటసు ఐగుప్తు దేశపు వింతలు వ్రాయుచు, అచ్చటఁ గొన్ని తావులవారు మొసలిని మచ్చిక చేసి, చెవులకు బంగారు నగలును ముంగాళ్లకుఁ గడియములును బెట్టి పూజింతురని చెప్పెను. కరాచీ నగరమున మంఘోపీరు దర్గా మడుఁగులోని మొసళ్లు నేఁటికిని భక్తు లిచ్చు మాంసముతో బ్రదుకుచున్నవి. పూర్వులు శత్రుభయముచేతనో భక్తిచేతనో మొసలిని బెంచిరి. ఆ జాతి నశింపకుండుటకై పెంచుట మన కాలమునఁ బుట్టిన యాలోచన.

ఆ యవసరము ఎట్లు కలిగినది? తోలు కొఱకును, వేఁట సరదా కొఱకును మొసళ్లను తుపాకులతోఁ జంపిరి. ఒడ్డున నున్న గ్రుడ్లను త్రవ్వి తీసికొనిరి. చేఁపలవలలఁ జిక్కి ఊపిరాడక కొన్ని చచ్చెను. ఆనకట్టల నీరు నిలువఁగా గ్రుడ్లు పెట్టు ఇసుకతిప్పలు మునిఁగిపోయెను. ఇట్లు 1970 నాటికి, ఒకప్పుడు ప్రతి పెద్ద యేటను గనవచ్చిన ప్రాణి అరుదైపోయెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి, మొసలిని మొదటి షెడ్యూలునఁ జేర్చెను. 1975లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మొసళ్ల పథకము నారంభించెను. బస్టర్డు అను శాస్త్రజ్ఞుఁడు ఆ సంస్థ పక్షమున సలహాదారుగా వచ్చెను.

ఆ కార్యమున మన హైదరాబాదు ముందు నిలిచెను. 1963లోఁ దెఱవఁబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో మొసళ్లచే గ్రుడ్లు పెట్టించి పిల్లలను బెంచిరి. మొసళ్ల పెంపకము నేర్పు కేంద్ర శిక్షణాలయమును హైదరాబాదుననే నెలకొల్పిరి. పెంచిన పిల్లలను విడుచుటకు నీరు కావలెను గదా! 1978లో మంజీరా అభయారణ్యమును బ్రకటించిరి. గోదావరి యొడ్డున మంథని చెంతనున్న శివారము అభయారణ్యమును మొసళ్ల కొఱకు ఏర్పడినదే.

మంజీర మనకు దూరపు నది కాదు. బాలాఘాటు కొండలలోఁ బుట్టి, బీదరు సీమ మీఁదుగా మన న్యాలకల్లు మండలపు పొలిమేర నంటి పాఱి, కందకుర్తి యొద్ద గోదావరిఁ గలియును. మా జహీరాబాదు చెంతనున్న నారింజ వాగు నీరును తుదకుఁ జేరునది మంజీరనే. సింగూరు ఆనకట్టకును సంగారెడ్డి చెంతనున్న మంజీరా ఆనకట్టకును నడుమ దాదాపు 36 కిలోమీటర్ల నదీభాగము ఈ అభయారణ్యము. కల్పగూరు చెంత మొసళ్ల పెంపకపు తొట్లు కట్టిరి.

ఇఁక పెంపకపు రీతి వినుఁడు. ఆఁడుమొసలి మాఘ ఫాల్గునములు మొదలుకొని ఒడ్డున గొయ్యి త్రవ్వి, ఇంచుమించు పాతిక ముప్పది గ్రుడ్లు పెట్టి మన్ను కప్పును. రెండు నెలలకుఁ బిల్ల లగును. ఆ గ్రుడ్డును దీసి వేఱొక చోటికిఁ జేర్పవలె నన్నచో, పైభాగమునఁ బెన్సిలుతో గుఱుతు పెట్టి, ఆ పైభాగము పైనే యుండునట్లు మోయవలెను. దొర్లించినచో లోని పిండము చచ్చును. మఱియొక వింత: పుట్టునది ఆఁడుదో మగదో గొయ్యి వేఁడిమియే నిర్ణయించును. 31 డిగ్రీలకు లోపల నన్నియు ఆఁడువే యగును. 32న్నరకు మగవి యగును. చెట్టు నఱికినను, గట్టు మార్చినను, ఆ యేటి మొసళ్ల సంతానమే మాఱిపోఁగలదు.

తల్లిమొసలి పిల్లలను మ్రింగునని మన పల్లెలలో ననుకొందురు. అది నిజము కాదు. గ్రుడ్డులోని పిల్లలు కూయఁగా విని, తల్లి గొయ్యి త్రవ్వి, వానిని నోటఁ బెట్టుకొని నీటికిఁ జేర్చును. కోఱలనడుమ బిడ్డను మోయుటఁ జూచినవారు తినుచున్నదని భ్రమపడిరి. తండ్రిమొసలియు నట్లు చేయుటను మద్రాసు మొసళ్ల కేంద్రమున శాస్త్రజ్ఞులు కన్నులారఁ జూచి వ్రాసిరి.

అడవిలోఁ బుట్టిన పిల్లలలో మిగులునవి మిక్కిలి కొలఁది. నక్కలు, ఉడుములు, కొంగలు, పెద్ద చేఁపలు వానిని దినును. అందుచేత తొట్లలో నాలుగడుగుల పొడవు వచ్చువఱకుఁ బెంచి, పిమ్మట నదిలో విడిచిరి. ఆ పని సఫలమైనది. మంజీరలో మొసళ్లు మఱలఁ గానవచ్చెను.

ఇచ్చట నొక మాట పెద్దలు శ్రద్ధగా వినవలెను. మొసళ్లను బుట్టించుట తేలిక యైనది; వానికిఁ జోటు చూపుట కష్టమైనది. 1976లో స్థాపింపఁబడిన మద్రాసు కేంద్రమున మొసళ్లు కాలక్రమమునఁ గిక్కిఱిసినవి. విడుచుటకు ఏఱులు దొరకలేదు. తుదకు వేయి మొసళ్లను గుజరాతులోని జామ్‌నగరు కేంద్రమునకుఁ బంపుటకు ఇటీవల అనుమతి యీయవలసి వచ్చెను. ఒక ప్రాణిని బెంచువాఁడు, అది ఎన్నేండ్లు బ్రదుకును, ఎంత పెద్దదగును, దాని సంతానమెచ్చట నుండును అని మొదటి దినముననే యోచింపవలెను. నేఁడు పట్టణములలో విదేశపు ఇగువానాలను, పాములను ఇంటఁ బెంచు ముచ్చట పెరుగుచున్నది. 2022లో చట్టమును సవరించి అట్టివానిలో ననేకమునకు నమోదు విధించిరి. అదృష్టమని నక్షత్రతాఁబేలును ఇంటఁ బెట్టుకొనుట యన్ననో శిక్షార్హమగు నేరమే.

మంజీరకు వచ్చెదను. 1965 మొదలు ఈ నది హైదరాబాదునకుఁ ద్రాగునీ రిచ్చుచున్నది. 2016 వేసవిలో వరుస కఱవులచే సింగూరును మంజీరయు ఎండఁగా నగరమునకు ఆ నీరు నిలిచిపోయెను. మొసళ్లకు మిగిలినవి కొన్ని మడుఁగులు మాత్రమే. నలువది యేండ్ల శ్రమను ఒక్క వేసవి చెఱుపఁగలదని నాఁడు తెలిసినది. వానకాలమున నీరు పొంగఁగా మొసలి చేలలోనికి వచ్చెనని వార్త వినవచ్చును. గొఱ్ఱెలు గలవాఁడు, వల వేయువాఁడు భయపడుట న్యాయమే; వారి భయమును దీర్పక మొసలిని గాపాడుట సాధ్యము కాదు.

కావున నదీతీర గ్రామముల పెద్దలు నాలుగు పనులు చేయింపవలె నని నా మనవి. మొదటిది, మాఘము మొదలు జ్యేష్ఠము వఱకు గ్రుడ్లున్న గట్టున ఇసుక త్రవ్వనీయకుఁడు. రెండవది, పశువులకు నీరు త్రాగించు రేవు నొకచోటనే యేర్పఱచి, పిల్లలను ఆ చాయకుఁ బోనీయకుఁడు. మూఁడవది, చచ్చిన పశువులను, కోళ్ల వ్యర్థములను నీటఁ బడవేయకుఁడు; వాని వాసనకు మొసలి రేవునకు అలవాటుపడును. నాలుగవది, మొసలి చేలోనికి వచ్చినచో కఱ్ఱలతోఁ గొట్టక, దూరమున నిలిచి అటవీశాఖవారికిఁ గబురు పంపుఁడు.

తొట్లలోఁ బెంచుట సర్కారు ఉద్యోగులు చేసిరి. మిగిలిన పని గట్టున నున్న మన గ్రామములది. ఈ మాటలు రచ్చకట్టపై నలుగురికిఁ జదివి వినిపింపుఁడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.