కోరమండల్ అద్దకం, ఐరోపా హోదా

బరోక్ కాలపు ఐరోపాలో హోదాకు గుర్తయిన అద్దకపు నూలుబట్టల్లో కోరమండల్ తీరానివి మేలురకం. రాజమహేంద్రవరానికి దిగువన పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కన మాదాపోలంలో ఇంగ్లీషువారు వర్తక స్థావరాలు పెట్టి బట్టలు కొనేవారు. పటికతో బొమ్మ గీసి, చిరువేరుతో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టేది. ఉతికినా దిగేది కాదు. అసలు మోజంతా ఆ దిగని రంగు మీదే.

ఫ్రెంచి నాటకకర్త మోలియర్ 1670 నాటి నాటకంలో కొత్తగా డబ్బు చేసిన జుర్దేన్ ఇండియా అద్దకపు అంగీ తొడుక్కుని మురిసిపోతాడు. పెద్దింటివాళ్లు పొద్దున పూట ఇదే వేసుకుంటారని దర్జీ చెప్పాడు మరి! చవక రకాలు పనిమనుషులకూ అందేసరికి దొరసాని ఎవరో, దాసి ఎవరో తెలియడం లేదన్న గొణుగుడు మొదలైంది. నేతగాళ్ల ఒత్తిడితో ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది అద్దకపు గౌన్లు చించారు. బ్రిటన్‌లో 1721 చట్టం వాడకాన్నే ఆపింది; తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం దిగుమతి సాగింది.