గోదావరి పులస - దాని జీవయాత్ర, జాలరుల చరిత్ర

గోదావరి సీమవారికి ఆషాఢ శ్రావణ మాసములు రెండు కారణములచేత ప్రీతిపాత్రములు. పొలములలో ఊడ్పులు సాగుట మొదటి కారణము. నదికి ఎఱ్ఱనీరు తగిలి, ఆ నీటితోపాటు పులస వచ్చుట రెండవది. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత ఈ ప్రాంతమున ఎఱుగనివారు లేరు. అయితే ఈ చేప రుచి తెలిసినంతగా దాని బ్రతుకు తెలిసినవారు తక్కువ. దానిని నమ్ముకొని జీవించినవారి చరిత్ర తెలిసినవారు మఱియు తక్కువ. మండపేటకు నైరుతి దిక్కున కొలది క్రోసుల దూరములోనే గౌతమి ప్రవహించుచున్నది. జొన్నాడ, కపిలేశ్వరపురము, కోటిపల్లి రేవులు ఈ ప్రాంతమువారికి పరిచితములే. కావున ఈ కథ పరాయిది కాదు.

పులస నదిలో పుట్టి సముద్రములో పెరుగు చేప. బంగాళాఖాతములో ఉన్నంతకాలము దానిని వలస యనియు, విలస యనియు మనవారు పిలుతురు. గోదావరి నీరు త్రాగిన పిమ్మట అదే పులస యగును. వంగదేశీయులు దానిని ఇలీషు అందురు. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను పండితుడు గంగానది చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథములో దీనిని శాస్త్రరీత్యా వర్ణించెను. నేటి శాస్త్రజ్ఞులు దీనికి టెన్యులోసా ఇలీషా అను పేరు వాడుచున్నారు. ఇతర జీవులను వేటాడి తినుట దీని స్వభావము కాదు. నీటిలో తేలాడు నాచుకణములను, కంటికానని సూక్ష్మజీవులను మొప్పలయందలి దువ్వెనవంటి ముళ్ళతో వడగట్టి తిని ఇది బ్రతుకును. ఆ యాహారముతోనే దాని దేహములో కొవ్వు కూడును. దాని రుచికి ముఖ్యకారణము ఆ కొవ్వే.

నైరుతి ఋతుపవనము ప్రవేశించి పైనాటి వానలు గోదావరిలోనికి దిగినపుడు నదీముఖముల వద్ద సముద్రపు ఉప్పదనము తగ్గును. ఎదిగిన చేపలు ఆ మార్పును పసిగట్టి, గుంపులుగా చేరి, గౌతమీ వసిష్ఠా ముఖములలో ప్రవేశించి వరదకు ఎదురీదును. ఆ ప్రయాణములో అవి ఆహారము మిక్కిలి తక్కువగా తినును. దేహములో దాచుకొన్న కొవ్వే వాటికి దారిబత్తెము. మంచినీటిలో తగిన తావు చేరిన పిమ్మట ఆడుచేప గ్రుడ్లను నీటిలో విడుచును. ఒక్కొక్క చేప లక్షలకొలది గ్రుడ్లను పెట్టగలదు. ఇంచుమించు ఒక దినములో అవి పొదుగును. పిల్లలు కొన్ని మాసములు నదిలోనే పెరిగి, ప్రవాహముతో క్రిందికి దిగి, ఉప్పుకయ్యలలో కొంతకాలముండి సముద్రము చేరును. ఒకటి రెండేండ్లకు అవియే పెద్దవై మరల నదికి తిరిగివచ్చును.

ప్రపంచములో ఇట్టి యాత్ర చేయు చేపలలో మిక్కిలి ప్రసిద్ధమైనది సాల్మను. పసిఫిక్ మహాసముద్రపు సాల్మను తాను పుట్టిన వాగు వాసనను గుర్తుపట్టి అచ్చటికే తిరిగివచ్చి, గ్రుడ్లు పెట్టి మరణించును. దాని కళేబరము ఎలుగుబంట్లకు, పక్షులకు ఆహారమై, తుదకు ఒడ్డునగల వృక్షములకు ఎరువగును. పులస అట్లు మరణింపదు. గ్రుడ్లు పెట్టిన పిమ్మట బ్రతికినది మరల సముద్రమునకు పోవును. అనగా తిరుగుదారి కూడ తెఱచి యుండుట పులసకు అవసరము. ఈ భేదమును మఱవరాదు.

పులసను పట్టు విద్య గోదావరి జాలరుల సొత్తు. ఈ డెల్టాలో నదిని, సముద్రమును నమ్ముకొని జీవించువారిలో అగ్నికుల క్షత్రియులు ప్రముఖులు. ఇద్దరు ముగ్గురు కలిసి నావపై నడినదికి పోయి, వలను ప్రవాహమునకు అడ్డముగా జారవిడిచి, నావతోకూడ వాలులో పోనిత్తురు. ఎదురీదివచ్చు చేప మొప్పలవద్ద వలకన్నులో చిక్కుకొనును. నీటిరంగును, గాలిని, పాటుపోటులను, తిథులను చూచి వేట సమయమును నిర్ణయించుట వారికి తండ్రితాతల నుండి వచ్చిన జ్ఞానము. వేటకు ముందు గంగమ్మకు మ్రొక్కుకొనుట వారి ఆచారము. మగవారు పట్టిన చేపను తట్టల కెత్తుకొని ఊరూర అమ్మినది ఆ యింటి స్త్రీలు. ఆనాటి కూలి, వల బాగుచేయు నూలు, పిల్లల బట్టలు, తీర్చవలసిన అప్పు అన్నియు ఆ నాలుగు మాసముల వేటపైననే ఆధారపడి యుండెడివి. కట్టెలపొయ్యి మీద మట్టిదాకలో చింతపండు పులుసు, బెండకాయలు, ఆవకాయ నూనె చేర్చి సన్నని సెగను కాచి, మరునాడు తిను పులసపులుసు వెనుక ఇంతటి శ్రమ కలదు.

ఈ చేప చరిత్రలో పెద్ద మలుపు ధవళేశ్వరము ఆనకట్టతో వచ్చినది. 1832-33 నాటి నందన కఱవులోను, 1839 నాటి ఉప్పెనలోను గోదావరి ప్రాంతము చెప్పరాని బాధల పాలయ్యెను. చెంత మహానది ప్రవహించుచుండగా ప్రజలు ఆకలితో మరణించుట చూచి సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రణాళికను రచించెను. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసెను. వీణెం వీరన్న ఆ నిర్మాణములో ఆయనకు కుడిభుజముగా నిలిచెను. మండపేట మాగాణులు, ఇచ్చటి బియ్యపు మరలు, ఇచ్చటి విద్యాలయములు అన్నియు ఆ నీటి ఫలములే. ఆ మేలును కాదనువారు ఈ సీమలో ఉండరు.

అయితే పొలమునకు నీటిని మళ్ళించిన గోడయే చేపకు అడ్డుగోడ యయ్యెను. అంతకు పూర్వము ఎగువకు స్వేచ్ఛగా పోయిన పులస ఆనకట్ట దిగువనే ఆగిపోవలసివచ్చెను. అచ్చట గుమిగూడిన చేపను పట్టుట సులభమైనందున దిగువ వేట కొంతకాలము ముమ్మరముగా సాగెను. భారతదేశపు మంచినీటి చేపలను గూర్చి ఫ్రాన్సిస్ డే 1873లో ప్రకటించిన నివేదికలో ఆనకట్టలు వలసచేపలకు కలిగించు హానిని ప్రభుత్వము దృష్టికి తెచ్చెను. పిమ్మటి కాలమున గోదావరి పులస జీవితమును, వేటను గూర్చిన పరిశోధన ప్రకటింపబడెను. పాత ఆనకట్టకు మారుగా కట్టిన కాటన్ బ్యారేజి 1982 నాటికి పూర్తియయ్యెను. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయ మొదలిడిన పిమ్మట, పూర్వము అలహాబాదు, ఆగ్రాల వఱకు ఎక్కిన ఇలీషు ఎగువ ప్రాంతములలో దాదాపు కనుమరుగయ్యెను. కావున ఈ దుఃఖము గోదావరికి మాత్రమే పరిమితమైనది కాదు.

ఇట్టి నష్టమునకు గురియైన వేఱొక జాతి కథ మనకు పాఠము కాదగినది. ఉత్తర అమెరికా పడమటి తీరపు ఆదివాసులు తమ్ము తాము సాల్మను ప్రజలుగా చెప్పుకొందురు. ఏటి తొలి సాల్మనును భక్తితో వండి అందఱు పంచుకొని, ఎముకలను తిరిగి నీటికి సమర్పించుట వారిలో అనేక తెగల ఆచారము. కొలంబియా నదిపై వారు వేలయేండ్లుగా చేపలు పట్టిన సెలైలో జలపాతము 1957 మార్చిలో ఒక ఆనకట్ట నీటిలో మునిగిపోయెను. వారు తమ హక్కును విడువలేదు. 1854-55 సంవత్సరముల ఒడంబడికలను అనుసరించి పట్టదగిన చేపలో సగము వఱకు వారికి హక్కు కలదని వాషింగ్టన్ రాష్ట్రమునకు సంబంధించి 1974లో న్యాయమూర్తి జార్జి బోల్ట్ తీర్పు చెప్పెను. క్లామత్ నదిపై యూరోక్, కరూక్ మొదలగు తెగలవారు అనేక సంవత్సరములు పోరాడిన ఫలితముగా నాలుగు ఆనకట్టలను తొలగించు పని 2024లో ముగిసెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే, నూఱేండ్లకు పైగా సాల్మనును ఎఱుగని ఎగువ నీటిలో ఆ చేప మరల కనబడెను. దారి యిచ్చినచో చేప తిరిగివచ్చునని దీనివలన తెలియుచున్నది.

గోదావరి ఆనకట్టను తీసివేయవలెనని ఎవ్వరును కోరరు. లక్షలమంది అన్నము దానిపై నిలిచియున్నది. కాని చేయదగిన పనులు లేకపోలేదు. బంగ్లాదేశములో గ్రుడ్లు పెట్టు కాలమగు అక్టోబరు ప్రాంతమున 22 దినములు ఇలీషు వేట నిలిపివేయుచున్నారు. పిల్లచేపలను పట్టుట అచ్చట సంవత్సరములో అనేక మాసములు నేరము. ఆ దినములలో జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యము నిచ్చుచున్నది. ఆంధ్రప్రదేశమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు సముద్రపు వేటకు నిషేధము కలదు. కాని పులస నదికి వచ్చునది ఆ పిమ్మటనే. నదీముఖములలో ఇసుక మేటలు, నీటి కాలుష్యము, సన్నకన్నుల వలలు దాని రాకను ఇంకను తగ్గించుచున్నవి. ఇటీవలి సంవత్సరములలో యానాము రేవున ఒక్క చేప ఇరువదివేల రూపాయలకు పైగా పలికిన సందర్భములు కలవు. ఆ ధర విని ఆశ్చర్యపడువారు పెక్కుమంది. అది చేప సమృద్ధికి గుర్తు కాదు, కొఱతకు గుర్తు. ఒక్క చేప దొరికిన జాలరికి అది పండుగయే. వల వట్టిదై తిరిగివచ్చిన పదిమంది గతి యేమి?

చేప తగ్గినకొలది జాలరి కుమారుడు వేఱు పనికి పోవును. అతనితోపాటు నీటిరంగులను, గాలుల పేర్లను, వలల రకములను తెలుపు పలుకులును పోవును. అవి ఏ పుస్తకములోను పూర్తిగా లేవు, వృద్ధుల నోట మాత్రమే కలవు. రేవులకు పోయి ఆ పెద్దల మాటలను వ్రాసి భద్రపఱచుట గ్రామ గ్రంథాలయములు పూనుకొనదగిన కార్యము. కాలువ నీటితో పండిన అన్నమును, ఏటికెదురీది వచ్చిన పులసను ఒకే విస్తరిలో తిను సీమ యిది. మొదటిదానికి దారి చూపినవారిని పూజించుచున్నాము. రెండవదాని దారి మూసికొనిపోకుండ చూచుట రాబోవు తరమునకు తీర్పవలసిన ఋణము.