సీసాలో పక్వమగు ద్రాక్షామద్యము

పాతబడినకొలది గుణము పెరుగు వస్తువులు లోకమున కొలదిగనే కలవు. ఈ విషయమును మన వైద్యులు చిరకాలము క్రిందటనే గుర్తించిరి. చూర్ణములు రెండు నెలలకును, గుటికలు, లేహ్యములు ఏడాదికిని వీర్యము కోల్పోవుననియు, ఆసవములు మాత్రము పాతవైనకొలది గుణవంతములగుననియు శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. ఆసవమున కీ విశేషమేల కలిగినది? పోర్చుగల్ దేశపు పోర్టు మద్యము చరిత్రను పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము లభించును.

1703లో ఇంగ్లండు, పోర్చుగల్ దేశముల నడుమ జరిగిన మెథ్యూయెన్ సంధివలన పోర్చుగీసు మద్యములపై సుంకము ఫ్రెంచి మద్యములపైకంటె తగ్గినది. డూరో నదీలోయయందలి మద్యమునకు గిరాకి హెచ్చెను; కల్తీయు హెచ్చెను. అందుచే 1756లో మంత్రియగు పొంబాల్ ఆ సీమకు ఎల్లలు నిర్ణయించెను. ద్రాక్షరసము పులియుచుండగనే బ్రాందీ కలిపి ఆ పులుపును ఆపు పద్ధతి క్రమముగ స్థిరపడినది. రసములోని చక్కెర కొంత మిగిలిపోవుటచే మద్యము తీయగ నుండును. అందలి సారాయి పాలు నూటికి ఇంచుమించు ఇరువది. మన ఆసవములలో సారాయి పులియుటవలననే పుట్టును. ఇందులో బయటినుండియు చేరును. ఇదియే రెంటికిని గల ముఖ్యభేదము.

అయినను సీసాలో దాచుట వెంటనే సాధ్యము కాలేదు. తొలినాటి సీసాలు పొట్టివి, బొజ్జగలవి. వానిని పడుకొనబెట్టుటకు వీలులేదు. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున సీసా సన్నగ, స్తంభాకారముగ మారెను. అడ్డముగ పరుండబెట్టిన సీసాలో బిరడా తడిగ నుండి ఉబ్బి గాలిని అరికట్టును. 1775నాటి పంటను తొలి ‘వింటేజి’ పోర్టుగ సంప్రదాయముగ పేర్కొందురు. ఒకే ఏటి మేలుపంటనుండి తీసిన మద్యమును రెండు మూడేండ్లలోపల పీపాలనుండి సీసాలకు మార్చుదురు. తక్కిన పక్వమంతయు సీసాలోనే జరుగును.

ఆ పక్వమెట్టిది? తొలుత మద్యము నల్లని ఊదారంగున, మిక్కిలి వగరుగ నుండును. వగరునకు మూలము టానిను. రంగునకు మూలము ఆంథోసయనిను. ఈ రెండును ద్రాక్షతొక్కునుండి వచ్చును. అణైకట్, గుడియాత్తం, రాయవేలూరు ప్రాంతమువారికి టానిను క్రొత్తది కాదు. తంగేటిచెక్కతో తోళ్లు పదునుచేయు వృత్తి ఈ పాలారుసీమలో చిరకాలముగ ప్రసిద్ధము. పచ్చితోలును చెడనీయక కాపాడునదియు చెక్కలోని టానినే. సీసాలో టానిను, రంగుపదార్థములు ఒకదానితో నొకటి కూడి పెద్ద అణువులై, కరిగియుండజాలక మడ్డిగ దిగును. అందుచే ఇరువదిముప్పది యేండ్లలో వగరు తగ్గును. ఊదారంగు కెంపై, పిదప ఇటుకవన్నెకు తిరుగును. పండ్లవాసన పోయి ఎండుఫలముల, గింజల పరిమళము కలుగును. మడ్డి పేరినవైపు క్రిందనే యుండుటకై సీసా పైభాగమున తెల్లసున్నపు గుర్తు పెట్టుట ఆచారము. త్రాగుటకు ముందు తేటను వేరుపాత్రలోనికి వంపుదురు.

ఈ పక్వమునకు చల్లని, మార్పులేని నెలవు కావలయును. మే నెలలో నలుబది డిగ్రీలు దాటు వేలూరి యెండలో పోర్టు త్వరగ చెడును. ఇందుకు భిన్నమైనది మదీరా మద్యము. ఈస్టిండియా కంపెనీ ఓడలు మదీరా దీవిలో దానిని నింపుకొని మదరాసునకు తెచ్చెడివి. ఉష్ణమండలమున ఓడ అడుగున వేడికి మగ్గి అది మరింత రుచికరమైనదని వర్తకులు గ్రహించిరి. పిదప దీవిలోనే వేడిగదులు కట్టిరి. ఈ దేశములోని ఇంగ్లీషు అధికారులకు మదీరా ప్రియమగుటకు ఇదియొక కారణము.

కావున వయస్సొక్కటియే గుణమునకు ప్రమాణము కాదు. పదార్థము, పాత్ర, నెలవు అను మూడును కుదిరిననే కాలము మేలుచేయును. మన వైద్యులు ఆసవమునకు నేయి పూసిన కుండను, ధాన్యరాశిని విధించుటలోని ఆంతర్యమిదియే. బిరడా ఎండిన శతవర్షపు సీసాకంటె చక్కగ దాచిన ఇరువదియేండ్ల సీసా మేలు.