పోర్ట్‌లాండ్ పోస్ట్‌మాస్టర్ జీతం బాకీ

8,838 డాలర్ల 71 సెంట్లు. అమెరికాలో న్యాయశాస్త్రం చదివే ప్రతివాళ్లకూ ఎదురయ్యే ఒక పెద్ద తీర్పు, మా పోర్ట్‌లాండ్ పోస్ట్‌మాస్టర్‌కు అందని ఈ జీతం దగ్గర మొదలైంది. మైయర్స్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ అంటారు దాన్ని. పుస్తకాల్లో అది అధ్యక్షుల అధికారాల కథ. ఈ ఊళ్లో ఉంటున్న నాకు మాత్రం ముందుగా అది ఒక కుటుంబం కథ.

ఫ్రాంక్ మైయర్స్‌ను అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సెనేట్ సమ్మతితో 1917 జూలై 21న నాలుగేళ్లకు నియమించాడు. ఆయన హయాంలోనే నార్త్ పార్క్ బ్లాక్స్ పక్కన బ్రాడ్‌వే మీద కొత్త తపాలా భవనం పూర్తయింది. ఇప్పుడందులో ఆర్ట్ కాలేజీ నడుస్తోంది.

1920 జనవరిలో రాజీనామా చెయ్యమని అడిగారు. మైయర్స్ చెయ్యనన్నాడు. ఫిబ్రవరి 2న, అధ్యక్షుడి ఆదేశమంటూ పోస్ట్‌మాస్టర్ జనరల్ ఉత్తర్వుతో తీసేశారు. అప్పటికి విల్సన్‌కు పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. 1876 నాటి చట్టం ప్రకారం ఇలాంటి పోస్ట్‌మాస్టర్లను నియమించాలన్నా తొలగించాలన్నా సెనేట్ సమ్మతి కావాలి. ఆ సమ్మతి ఎవరూ అడగలేదు. కాబట్టి మైయర్స్ వాదన సూటిగా ఉంది: నా తొలగింపు చెల్లదు, గడువు తీరేదాకా నా జీతం నాకివ్వండి.

నన్ను కదిలించేది ఆ తర్వాతి ఏడాదిన్నర. ఆయన నిరసన తెలుపుతూనే ఉన్నాడు. నా మీద ఆరోపణలేమైనా ఉంటే విచారణ జరపండని అధ్యక్షుణ్నీ, సెనేట్ కమిటీనీ కోరాడు. 1921 జూలైలో గడువు ముగిసేదాకా వేరే ఉద్యోగంలో చేరలేదు, ఇంకెక్కడా జీతం పుచ్చుకోలేదు. బాకీ మొత్తాన్ని ఆ నెలలకు పంచి చూస్తే నెలకు సుమారు 500 డాలర్లు. ఆ రోజుల్లో అది మంచి జీతం. అది ఒక్కసారిగా ఆగిపోయినా, ఉద్యోగం తనదేనన్న మాట మీద ఆ మనిషి నిలబడ్డాడు.

1921 ఏప్రిల్‌లో క్లెయిమ్స్ కోర్టులో దావా వేశాడు. ఆలస్యంగా వచ్చావంటూ ఆ కోర్టు కొట్టేసింది. మొదటి రోజు నుంచీ అభ్యంతరం చెబుతున్నవాణ్ని అలా అనడం అన్యాయమే. తర్వాత సుప్రీంకోర్టు కూడా ఆలస్యమన్న మాటను ఒప్పుకోలేదు.

కానీ ఆ మాట వినడానికి మైయర్స్ లేడు. కేసు తేలకముందే చనిపోయాడు. ఆయన ఆస్తి వ్యవహారాల ప్రతినిధిగా భార్య లోయిస్ పేరు మీద వ్యాజ్యం సాగింది. సుప్రీంకోర్టు 1924 డిసెంబరులో ఒకసారి, 1925 ఏప్రిల్‌లో మరోసారి వాదనలు విని, 1926 అక్టోబరు 25న తీర్పు చెప్పింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి విలియం టాఫ్ట్, అంతకుముందు దేశాధ్యక్షుడిగా పనిచేసినవాడు. కార్యనిర్వాహక అధికారులను తొలగించే అధికారం అధ్యక్షుడిదేనని, దానికి సెనేట్ సమ్మతి కావాలనడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చాడు. ఆరుగురు అటు, ముగ్గురు ఇటు. భిన్నాభిప్రాయాల్లో న్యాయమూర్తి హోమ్స్‌ది చాలా చిన్నది. కాంగ్రెస్ సృష్టించిన పదవి ఇది, రేపే దాన్ని రద్దు చెయ్యగలదు, ఎన్నాళ్లుండాలో ఎంత జీతమివ్వాలో నిర్ణయించేదీ అదే. అలాంటప్పుడు తొలగింపుకు షరతు పెట్టకూడదా అన్నది ఆయన తర్కం. నాకు అదే న్యాయంగా తోస్తుంది. నాలుగేళ్లకని చట్టం ఇచ్చిన మాటను నమ్మి కొలువులో చేరినవాడికి ఆ మాట వర్తించాలి.

లోయిస్‌కు రావలసిన సొమ్ము రాలేదు. మైయర్స్‌ను ఎందుకు తీసేశారో, ఆ కారణం సబబో కాదో ఏ కోర్టూ తేల్చలేదు.

తర్వాత ఇలాంటిదే మరో కేసు వచ్చింది. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సభ్యుడు విలియం హంఫ్రీని తొలగించాడు. హంఫ్రీ కూడా చనిపోయాడు, ఆయన జీతం బాకీ కోసమూ వారసత్వ ప్రతినిధే కోర్టుకెక్కాడు. 1935లో సుప్రీంకోర్టు ఈసారి జీతం అడిగినవాళ్ల పక్షాన నిలిచింది. అయితే అదే తీర్పులో, పోస్ట్‌మాస్టర్ కేవలం కార్యనిర్వాహక ఉద్యోగి కాబట్టి అతని సంగతి వేరని రాసింది. అంటే మా పోర్ట్‌లాండ్ కేసు తొమ్మిదేళ్ల తర్వాత వచ్చినా లోయిస్ ఓడిపోయేదే.