సుల్తాన్ తకియా పక్కన కితాబు

టిప్పు సుల్తాన్ తన ఖ్వాబులు తానే రాసిపెట్టుకున్నారు. 1785 నుంచి 1798 దాకా 37 ఖ్వాబులు, ఫార్సీలో, సొంత చేతిరాతతో. ఎవరికీ చూపని ఆ కితాబు 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఆయన పడకగదిలో అంగ్రేజులకు దొరికింది. ఇప్పుడు లండన్‌లో ఉంది.

ఖ్వాబులో ఉండగానే 'ఇది ఖ్వాబే' అని హోష్ రావాలంటే ఇవాళ చెప్పే మొదటి తర్కీబు కూడా అదే: లేవగానే రాయడం. పడుకునే ముందు చదివే కొన్ని మాటలను తానూ ఆజ్మాయించానని ఇబ్నె ఖల్దూన్ 1377 నాటి ముఖద్దిమాలో చెప్పారు. అవి మనసును తయారు చేస్తాయంతే, హుకుం వేసి ఖ్వాబును రప్పించలేవన్నారు.

మా నర్మెట్టలో నానీలు, దాదీలు ఫజర్ తర్వాత చెప్పిన ఖ్వాబులు ఎవరూ రాయలేదు. వాళ్లతోనే ఖబ్రస్తాన్‌కు పోయాయి. అందుకే నేను తకియా పక్కన నోటుబుక్కు పెట్టుకుంటున్నాను. మీ ఇంట్లో బుజుర్గులుంటే, రేపు ఫజర్ తర్వాత అడిగి రాసుకోండి.