ఇరుకు ర్యాంపులో పాంటూన్ బోటు: మొదటిసారి నీళ్లలోకి దించేవారికి

అమెరికాలోని డల్లాస్ ప్రాంతంలో తెలుగు ముస్లిం కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. లూయిస్‌విల్, లవోన్, రే హబ్బర్డ్ సరస్సులు దగ్గర్లోనే ఉన్నాయి. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి కూర్చుని తిరగడానికి పాంటూన్ బోటు అనువుగా ఉంటుంది. నీళ్ల మీద దాన్ని నడపడం తేలికే. కష్టమంతా ఒడ్డు మీద ఉంటుంది. ఒకే వరుస ఉన్న పబ్లిక్ ర్యాంపులో, వెనక నాలుగు బండ్లు ఎదురు చూస్తుండగా ట్రైలర్‌ను వెనక్కి నడపాలి. ప్రమాదాలు ఎక్కువగా తొందరలోనే జరుగుతాయి. అందుకే పనిలో ముప్పావు వంతు ర్యాంపు ఎక్కకముందే అయిపోవాలి.

పాంటూన్ అంటే

రెండు లేదా మూడు అల్యూమినియం గొట్టాల మీద చదునైన డెక్, చుట్టూ రెయిలింగు ఉండే బోటు ఇది. 1950ల మొదట్లో మిన్నెసోటా రైతు ఆంబ్రోస్ వీరెస్ ఇలాంటి బోటు తయారుచేసి దీనికి ఆద్యుడిగా పేరు పొందారు. చాలా పాంటూన్ల వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. చాలా రాష్ట్రాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డు మీద లాగగలిగే వెడల్పు అంతే. అంటే ఇరుకు ర్యాంపులో రెండు వైపులా మిగిలే చోటు తక్కువ.

ఖాళీ పార్కింగ్‌లో సాధన

సరస్సుకు వెళ్లే ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటసేపు సాధన చేయాలి. స్టీరింగ్ కింది భాగాన్ని ఒక చేత్తో పట్టుకోవాలి. ట్రైలర్ ఎడమకు వెళ్లాలంటే చేతిని ఎడమకు, కుడికి వెళ్లాలంటే కుడికి కదపాలి. ఒకేసారి ఎక్కువ తిప్పకూడదు. ట్రైలర్ అడ్డంగా మడత పడుతోందనిపిస్తే ఆగి, ముందుకు లాగి, మళ్లీ సరిచేసుకోవాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ర్యాంపుకు ముందే చేయాల్సినవి

ర్యాంపు పక్కన బోటు సిద్ధం చేసుకునే స్థలం ఉంటుంది. ఈ పనులన్నీ అక్కడే పూర్తి చేయాలి.

• కవర్ తీసి, భోజనం, నీళ్లు, లైఫ్ జాకెట్లు బోటులో పెట్టాలి.
• డ్రెయిన్ ప్లగ్‌లు ఉంటే బిగించారో లేదో చూడాలి.
• ముందూ వెనకా తాళ్లు కట్టి, డాక్‌కు తగలకుండా పక్కన ఫెండర్లు వేలాడదీయాలి.
• వెనక పట్టీలు విప్పాలి. ముందున్న వించ్ పట్టీ, గొలుసు మాత్రం విప్పకూడదు. వాలులో బోటు జారి కాంక్రీటు మీద పడకుండా ఆపేవి అవే.
• ట్రైలర్ లైట్ల తీగ ఊడదీయాలి.

ర్యాంపు మీద

కారులో డ్రైవర్ తప్ప ఎవరూ ఉండకూడదు. పిల్లలు ర్యాంపు దగ్గర కాక, దూరంగా ఒక పెద్దవారి చేయి పట్టుకుని ఉండాలి. అద్దాలు దించి, సీటు బెల్టు తీసి నెమ్మదిగా వెనక్కి వెళ్లాలి. కారు నీళ్లలోకి జారితే బయటపడటానికి ఆ రెండూ ఉపయోగపడతాయి. దారి చూపే మనిషి డ్రైవర్‌కు అద్దంలో కనిపించే చోట, పక్కన నిలబడాలి. ట్రైలర్ వెనక ఎప్పుడూ నిలబడకూడదు.

గొట్టాల వెనక భాగం తేలడం మొదలవగానే ఆగాలి. ఇంకా లోతుకు పోతే కాంక్రీటు చివర దాటి ట్రైలర్ చక్రాలు గుంటలో దిగబడవచ్చు. కారు పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. అప్పుడే రెండో మనిషి డాక్ మీది నుంచి బోటు ఎక్కాలి. ఇంజన్‌ను నీళ్లలోకి దించి స్టార్ట్ చేయాలి. అది సరిగా నడుస్తోందని తేలాకే, ముందు తాడు చేతిలో ఉంచుకుని వించ్ పట్టీ, గొలుసు విప్పాలి. బోటును డాక్ చివరకు తీసుకెళ్లి కట్టేసి, కారును వెంటనే ర్యాంపు నుంచి తీసేయాలి. వెనకున్నవాళ్ల దారి హక్కు అది. మిగతా కుటుంబం ఆ తర్వాత ఎక్కవచ్చు.

గాలి సంగతి

పాంటూన్ రెయిలింగు, నీడ పందిరి తెరచాపలా గాలిని పట్టేస్తాయి. అందుకే పందిరి మడిచి ఉంచాలి. మొదటిసారి వెళ్లేవారికి పనిదినాల్లో ఫజర్ నమాజు తర్వాతి సమయం మంచిది. అప్పుడు గాలీ తక్కువ, జనమూ తక్కువ.

చట్టం, జాగ్రత్త

టెక్సాస్‌లో 26 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. ప్రతి మనిషికీ సరిపోయే జాకెట్ ఒకటి బోటులో ఉండాలి. 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ శిక్షణ పూర్తి చేసి ఉండాలి.

అబాయా వేసుకునేవారు జాకెట్‌ను దాని పైనే వేసి పట్టీలు బిగించాలి. లోపల వేస్తే అవసరానికి సరిచేసుకోవడం కుదరదు. పొడవాటి అంచులు రెయిలింగు గేటుకూ, నిచ్చెనకూ చిక్కుకోకుండా చూసుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా వెనక నిచ్చెన దగ్గర ఎవరూ కూర్చోకూడదు. అక్కడ ప్రొపెల్లర్‌తో పాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రమాదం కూడా ఉంది.

తిరిగి వెళ్లేటప్పుడు

టెక్సాస్‌లో సరస్సు వదిలి వెళ్లే ముందు బోటులోని నీరంతా వంపేయడం తప్పనిసరి. జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు పాకకుండా పెట్టిన నిబంధన ఇది. ఈ పని కూడా ర్యాంపు మీద కాదు, పక్కకు లాగాకే చేయాలి.